బిగిన్, స్టార్ట్: రెండూ మొదలే అయితే రెండు మాటలెందుకు?

రేపల్లె ప్యాసింజర్
మా పాప ఆరో తరగతి. నిన్న ఇంగ్లీషు పరీక్ష పేపరు తెచ్చింది. నాన్న స్కూటీ స్టార్ట్ చేశాడు అని రాయాల్సిన చోట స్టార్ట్‌కి బదులు బిగిన్ వాడింది. టీచరమ్మ ఎర్ర సిరాతో కొట్టేసి అర మార్కు తీసేశారు. దాని బాధ అర మార్కు గురించి కాదు. పుస్తకం వెనకాల పదాల అర్థాల్లో బిగిన్ అంటే స్టార్ట్ అనీ, స్టార్ట్ అంటే బిగిన్ అనీ ఉంది కదా, మరి నాది తప్పెలా అయింది అని నిన్న సాయంత్రం నుంచి నా ప్రాణం తీస్తోంది. "అలా అనరమ్మా" అన్నాను. "ఎందుకనరు?" అంది. అక్కడితో నా ఇంగ్లీషు అయిపోయింది. అసలు ఈ బిగిన్ ఎక్కడినుంచి వచ్చింది, స్టార్ట్‌కీ దానికీ తేడా ఏంటి, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

పాత పేపర్లు
టీచరమ్మ చేసింది కరెక్టే. యంత్రాలకీ బండ్లకీ స్టార్ట్ ఒక్కటే. బిగిన్ మనిషి చేసే పనికీ, కాలానికీ, కథకీ, సభకీ. సినిమా బిగిన్ అవుతుంది, స్టార్ట్ కూడా అవుతుంది. మోటారు మాత్రం స్టార్టే. మా ఊళ్లో పొలం దగ్గర గోడకి తగిలించిన డబ్బాని స్టార్టర్ అంటారు, బిగినర్ అని ఎవరైనా అన్నారా? బిగినర్ అంటే అప్పుడప్పుడే నేర్చుకునేవాడు.

రేపల్లె ప్యాసింజర్
ఇది నేనూ చెప్పాను సార్. "ఎందుకు" అన్న దగ్గరే ఆగిపోయాం.

బీజాక్షరం
ఇందులో ఇంత ఆలోచించాల్సింది లేదు. బిగిన్ మన మాటే. సంస్కృతంలో బీజం. బీజం అంటే విత్తనం, దేనికైనా మొదలు విత్తనమే కదా. బీజ్, బిజిన్, బిగిన్. ఇంగ్లీషు వాళ్ల దగ్గర సొంతంగా ఏముంది గనక, అన్నీ ఇక్కడినుంచి వెళ్లినవే.

పదాలపిచ్చి
బీజాక్షరం గారూ, శబ్దం బాగానే కలిసింది కానీ మాట నడుం విరిచి చూస్తే లెక్క కుదరదండీ. బిగిన్‌లో "బి" అసలు మాటలో భాగం కాదు, ముందు అతికించిన ఉపసర్గ. మనకి ఆ, ప్ర, ఉప ఉన్నట్టు వాళ్లకి "బి". బికమ్, బిహోల్డ్, బిఫోర్, బినీత్ వీటన్నిట్లోనూ ఉన్నది అదే. దాన్ని తీసేస్తే మిగిలేది "గిన్". అసలు ధాతువు అది.

ఇది నేను ఊహించి చెప్పడం లేదు. పాత ఇంగ్లీషులో, అంటే సుమారు 1100కి ముందు, బిగిన్నన్ అనే రూపం ఉండేది కానీ జనం ఎక్కువగా వాడింది అది కాదు. ఎక్కువగా వాడింది ఆన్‌గిన్నన్. "గిన్" అదే, ముందు "ఆన్" అనే వేరే ఉపసర్గ. జర్మన్, డచ్ భాషల్లో ఇవాళ్టికీ బెగినెన్. అంతకన్నా పాతదైన గోతిక్‌లో డుగిన్నన్. ఇక్కడ "డు". ఇప్పుడు చెప్పండి, బీజంలో "బీ" తీసేసి "ఆన్" పెట్టగలమా, "డు" పెట్టగలమా?

బీజాక్షరం
సరే, "గిన్" అంటే ఏంటో చెప్పండి మరి. దానికి సంస్కృతంలో ఏమీ లేదంటారా?

పదాలపిచ్చి
అక్కడే చిక్కు. ఉపసర్గ లేకుండా ఒంటరిగా "గిన్" ఏ పాత జర్మానిక్ భాషలోనూ, అంటే ఇంగ్లీషు, జర్మన్, డచ్, గోతిక్ ఉన్న ఈ కుటుంబంలో ఎక్కడా, దొరకలేదు. ఎప్పుడు చూసినా ఎవరో ఒకరిని పట్టుకునే తిరుగుతుంది. అందుకని దాని మూలార్థం మీద పండితులు ఇంకా ఒక మాట మీదకి రాలేదు. చాలామంది చెప్పేది, తెరవడం అని. నోరు తెరవడానికి, ఆవలించడానికి పాత ఇంగ్లీషులో దగ్గర్లోనే ఒక మాట ఉండేది, ఇప్పటి యాన్ ఆ కుటుంబందే. అంటే మూసి ఉన్నదాన్ని తెరిస్తే అది మొదలు. మనవాళ్లూ ఫలానా చర్చకి తెరతీశారు అంటాం కదా. ఇది వాదనే, తేలిన లెక్క కాదు, కానీ నాకు నచ్చిన వాదన.

గ్లాసులో గోదారి
మాస్టారూ, ఇంతకీ ఆ గిన్‌కీ మనం పుచ్చుకునే జిన్‌కీ చుట్టరికం ఉందా? సాయంత్రాలు మొదలయ్యేది దానితోనే కదా అని అడుగుతున్నా.

పదాలపిచ్చి
లేదండీ. మీ జిన్ జునిపర్ అనే చెట్టు కాయ పేరు. ఆ సారాకి వాసన కోసం వేసేది ఆ కాయే. డచ్చి వాళ్లు జెనేవర్ అన్నారు, ఇంగ్లీషు వాళ్లు తోక కోసేసి జిన్ అన్నారు.

ఓరుగల్లు పత్తి
అన్నా మరి మా దిక్కు జిన్నింగ్ మిల్లులున్నయ్ కదా. వరంగల్లు, ఆదిలాబాద్‌ల పత్తి మొత్తం వాటికే పోతది. ఆ జిన్ను ఏంది?

పదాలపిచ్చి
అది మూడో జిన్ను తమ్ముడూ! ఇంజిన్ అన్న మాటలో సగం ముక్క. పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, లాటిన్‌లో దాని మూలం తెలివి అని అర్థమిచ్చే మాట. తెలివితో చేసిన ఏ యంత్రమైనా ఇంజిన్, అది అరిగి జిన్. గింజనీ దూదినీ వేరుచేసే యంత్రానికి 1794లో అమెరికాలో ఎలీ విట్నీ అనే ఆయన పేటెంట్ తీసుకున్నాడు, అది కాటన్ జిన్ అయింది. పైన బీజాక్షరం గారు బీజం అన్నారు చూడండి, ఈ జిన్ను చేసే పని బీజం తీసేయడమే.

బీజాక్షరం
వెటకారం ఎందుకండీ.

పదాలపిచ్చి
క్షమించాలి, నోరు ఊరుకోలేదు. మీకు నిజమైన సంస్కృత బంధువు ఒకటి బాకీ పడ్డాను, ఇస్తాను ఉండండి.

సాంబారు ఇన్ జర్మనీ
చదువుకోసం వచ్చి ఆరేళ్లయింది ఇక్కడికి. బెగినెన్ ఇక్కడ వినిపిస్తుంది కానీ కాస్త పుస్తకాల మాట. మామూలుగా జనం అనేది అన్‌ఫాంగెన్. ఫాంగెన్ అంటే పట్టుకోవడం, బంతి పట్టుకోవడం, దొంగని పట్టుకోవడం. మొదలుపెట్టడానికీ పట్టుకోవడానికీ ఏంటి సంబంధం అని మొదట్లో క్లాసులో తల గోక్కున్నా. తర్వాత మన చేపట్టడం గుర్తొచ్చింది. పని చేపట్టాడు అంటే మొదలుపెట్టాడనే కదా.

పదాలపిచ్చి
వహ్వా. దీనికోసమే ఈ చర్చల్లో కూర్చుంటాను. మీది ఇంకాస్త లాగితే ఆరంభం కూడా అంతే. "ఆ" ఉపసర్గ, "రభ్" ధాతువు, అర్థం పట్టుకోవడం. ఆరభతే అంటే పట్టుకుంటాడు, అక్కడినుంచి మొదలుపెడతాడు. లాటిన్‌లో ఇన్‌సిపెరే, లోపల కపెరే, అంటే తీసుకోవడం, పట్టడం. ఇంగ్లీషు ఇన్‌సెప్షన్ అక్కడిదే. ఆరంభం, అన్‌ఫాంగెన్, ఇన్‌సెప్షన్, చేపట్టడం. ఈ నాలుగింటి ధాతువులకీ ఒకదానితో ఒకటి చుట్టరికం లేదు, ఊహ మాత్రం ఒకటే. శబ్దం కలిస్తే చుట్టాలనుకుంటాం, ఇక్కడ శబ్దం ఎక్కడా కలవదు, మనసు కలిసింది.

రేపల్లె ప్యాసింజర్
బాగుంది సార్, పాపకి చదివి వినిపిస్తున్నా. కానీ ఇప్పుడు ఆన్‌గిన్నన్ ఏమైంది అంటోంది. ఎక్కువమంది వాడేది పోయి, తక్కువమంది వాడేది ఎలా మిగిలింది?

పదాలపిచ్చి
పాపని నా నమస్కారం అడిగానని చెప్పండి. 1000 ప్రాంతంలో ఆల్ఫ్రిక్ అనే క్రైస్తవ సన్యాసి బైబిల్ మొదటి భాగాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. మన తెలుగు బైబిల్లో "ఆదియందు" అని ఉన్న చోట ఆయన రాసింది ఆన్‌గిన్ అనే నామవాచకంతో. అంటే నన్నయ కన్నా ఒక తరం ముందు సంగతి. అదే చోట 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదంలో బిగినింగ్ ఉంది. ఈ మధ్యలో ఆన్ అరిగి అరిగి "అ" అయింది, అగిన్. అది నోట్లో నిలవలేదు, "బి" గట్టిగా పలుకుతుంది కాబట్టి నిలబడింది. ఇది పూర్తి కారణం అనను కానీ పెద్ద కారణం.

ఇంకో తమాషా. ఉపసర్గలన్నీ ఊడగొట్టుకుని "గాన్" అనే భూతకాల రూపం కొన్నాళ్లు ఒంటరిగా తిరిగింది. 1400లో చనిపోయిన చాసర్ కవి, అంటే ఇంచుమించు మన శ్రీనాథుడి రోజుల్లో, దాన్ని తెగ వాడాడు. ఏడ్వ గాన్, పాడ గాన్ ఇలా. మొదలెట్టాడు అనే అర్థం కూడా పోయి, ఊరికే జరిగిపోయింది అని చెప్పడానికి, పాదంలో లెక్క కుదరడానికి వాడుకునేవాడు. మన కవుల "ఒగి", "తగన్" లాగా అనుకోండి.

పాత పేపర్లు
బిగిన్ బిగాన్ బిగన్ అని మేం బెత్తం దెబ్బలు తిని నేర్చుకున్నాం. ఇప్పటికీ హ్యావ్ తర్వాత బిగాన్ రాసే ఆఫీసర్లని చూశాను, నా సర్వీసులో కనీసం డజను మందిని.

పదాలపిచ్చి
అదీ పాతదనానికి గుర్తే సార్. సింగ్ శాంగ్ సంగ్, డ్రింక్ డ్రాంక్ డ్రంక్ లాగా అచ్చు మార్చుకునేవి ఇంగ్లీషులో ముసలి క్రియలు. స్టార్ట్ అయితే చక్కగా చివర ఒక తోక తగిలించుకుని పోతుంది.

అట్లాంటా అత్తయ్య
ఇక స్టార్ట్ సంగతి నేను చెప్తా, నాకు జరిగింది కాబట్టి. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆఫీసులో మీటింగు, నేను ఇంటి దగ్గరే ఉన్నా, మేనేజరుకి ఫోన్ చేసి "ఇప్పుడే స్టార్ట్ అవుతున్నా" అని ఇంగ్లీషులో అన్నా. ఆయన "ఏం స్టార్ట్ చేస్తున్నావు?" అని అడిగాడు. నేను మళ్లీ అదే అన్నా. ఆయన మళ్లీ అదే అడిగాడు. రెండు నిమిషాలు అలా గడిచాక తేలిందేంటంటే బయలుదేరడాన్ని ఇక్కడ లీవ్ అంటారు. మనం మాత్రం స్టార్ట్ అయ్యారా, ఎక్కడిదాకా వచ్చారు అని పెళ్లిళ్ల సీజన్లో రోజుకి పదిసార్లు అడుగుతాం. ఇది మన వాళ్ల తప్పు ఇంగ్లీషేనా?

పదాలపిచ్చి
తప్పు కాదు అత్తయ్యగారూ, పాతది. ఇంగ్లండులో పందొమ్మిదో శతాబ్దం నవలలు చూడండి, గుర్రబ్బండి ఎక్కి స్టార్ట్ అవుతూనే ఉంటారు. వాళ్లు ఆ వాడుక తగ్గించేశారు, మనం పెట్టెలో పెట్టి దాచుకున్నాం.

చాక్‌పీసు
నేను కాలేజీలో ఇంగ్లీషు చెప్తాను. ఒకసారి ఒక కథలో ఆ చప్పుడికి ఆమె స్టార్ట్ అయింది అనే వాక్యం వచ్చింది. అర్థం రాయమంటే సగం క్లాసు "ఆమె చప్పుడు మొదలుపెట్టింది" అని రాసింది. ఒకడు ఇంకా ముందుకెళ్లి "ఆమె చప్పుడుతో బయలుదేరింది" అన్నాడు. అక్కడ అర్థం ఉలిక్కిపడింది అని. నవ్వొచ్చే విషయమే గానీ, నిజానికి స్టార్ట్ అసలు అర్థం ఈ ఉలికిపాటే. ఎగిరి దూకడం, చటుక్కున కదలడం. స్టార్టిల్ దానికి దగ్గరి చుట్టం. జర్మన్‌లో కూడా ఉండాలే?

సాంబారు ఇన్ జర్మనీ
ఉందండీ, ష్టుర్‌ట్సెన్. దభీమని పడటం, లేదా ఒక్క ఉదుటున మీదకి దూకడం. మరి దూకడం మొదలుపెట్టడంగా ఎప్పుడు మారింది?

చాక్‌పీసు
మెల్లగా, కొన్ని వందల ఏళ్లు పట్టింది. వేటలో కుందేలుని పొదలోంచి లేపడాన్ని స్టార్ట్ చేయడం అనేవారు. కుక్కలు మొరిగితే అది ఉలిక్కిపడి దూకుతుంది, పరుగు మొదలు. గుర్రప్పందేల్లోనూ అంతే, గీత దగ్గర నిలబెట్టిన గుర్రం ఒక్క దూకు దూకుతుంది. ఆ దూకుడే పందెం మొదలు కాబట్టి ఆ గీత స్టార్ట్ అయింది. దూకు పోయి మొదలు మిగిలింది. చాసర్ కాలంలో స్టార్ట్ అంటే దూకడమే, బిగిన్ పని చేసే అధికారం దానికి ఇంకా లేదు.

ఇప్పుడు పాప ప్రశ్నకి వద్దాం. బండి ఏం చేస్తుంది? కదలకుండా ఉన్నది ఒక్కసారి ఉలిక్కిపడి లేస్తుంది. కిక్ కొట్టే రోజుల్లో పాత బళ్లు నిజంగానే ఒళ్లు జలదరించి లేచేవి. నిద్రపోతున్నదాన్ని లేపడం స్టార్ట్. బిగిన్‌లో ఆ కుదుపు లేదు. ఒక పని వరసలో మొదటి ముక్క చేయడం మాత్రమే ఉంది. స్కూటీ ఒక పని కాదు, వస్తువు, దానికి మొదటి ముక్క, రెండో ముక్క ఉండవు. అందుకే స్కూటీని బిగిన్ చేయలేం. నడపడాన్ని బిగిన్ చేయొచ్చు.

రేపల్లె ప్యాసింజర్
మేడమ్, ఇది అర్థమైంది. దానికే కాదు, నాకూ. అది ఇప్పుడే వెళ్లి వాళ్లమ్మకి స్కూటీ ఉలిక్కిపడటం అభినయించి చూపిస్తోంది.

గ్లాసులో గోదారి
కంప్యూటర్లో స్టార్ట్ బటన్ మర్చిపోయారు. 1995లో విండోస్‌లో వచ్చింది. ఆపాలన్నా స్టార్టే నొక్కాలి. మా నాన్న ఇప్పటికీ దీన్ని ఒప్పుకోడు.

పదాలపిచ్చి
ఒక పక్కదారి. స్టార్ట్ అనే శబ్దంతో పాత ఇంగ్లీషులో ఇంకో మాట ఉండేది, తోక అని అర్థం. చలికాలంలో మన దేశానికి వలస వచ్చే నల్లటి చిన్న పిట్ట ఉంది, తోక ఇటికరంగులో వణికిస్తూ ఉంటుంది, దాని ఇంగ్లీషు పేరు బ్లాక్ రెడ్‌స్టార్ట్. ఆ రెడ్‌స్టార్ట్ అంటే ఎర్రతోక, అంతే. ఒంటిమీద నూలుపోగు లేకపోవడాన్ని స్టార్క్ నేకెడ్ అంటారు చూడండి, అది మొదట స్టార్ట్ నేకెడ్. తోక దాకా బట్టల్లేవు అని.

నల్లకోటు
మీరు కమెన్స్‌ని వదిలేశారు, మా పొట్ట కొట్టకండి. ఏ చట్టం తీసినా మొదటి సెక్షన్లో కమెన్స్‌మెంట్ ఉంటుంది. రాజ్యాంగంలో 394వ అధికరణం చూడండి. పౌరసత్వం, ఎన్నికల సంఘం లాంటి కొన్ని అధికరణాలు 1949 నవంబరు 26నే అమల్లోకి వచ్చాయి, మిగతావన్నీ 1950 జనవరి 26న. ఆ జనవరి 26నే రాజ్యాంగపు కమెన్స్‌మెంట్ అనాలని అందులోనే రాసుకున్నారు. అక్కడ బిగినింగ్ అని గానీ, స్టార్ట్ అని గానీ రాస్తే ఎలా ఉండేదో ఊహించండి. రాజ్యాంగం స్టార్ట్ అయింది అంటే బస్టాండులో ఉన్నట్టుంటుంది.

పదాలపిచ్చి
హహ్హ. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండుని గెలిచారు, నన్నయ భారతం మొదలుపెట్టిన శతాబ్దమే అది. కోర్టు, చట్టం, దొరతనం వాళ్ల భాషలో, వంటిల్లూ పొలమూ పాత భాషలో. అందుకే కమెన్స్‌కి నల్లకోటు, బిగిన్‌కి ఇంటి బట్టలు. మనకి ప్రారంభోత్సవం ఒకటి, మొదలెట్టడం ఒకటి ఉన్నట్టు.

బీజాక్షరం గారూ, మీ బాకీ ఇదిగో. కమెన్స్‌ని వెనక్కి తవ్వితే లాటిన్ ఇనీషియం తగులుతుంది. "ఇన్" అంటే లోపలికి, మిగతాది వెళ్లడం. లోపలికి అడుగుపెట్టడమే ఆరంభం. ఆ వెళ్లడం ధాతువు సంస్కృతంలో "ఇ" ధాతువుకి నిజమైన తోబుట్టువు. ఉత్తరాయణంలో, దక్షిణాయనంలో ఉన్న అయనం ఆ "ఇ" నుంచే. మీ ఇంటిపేరు కుదించి రాసే ఇనిషియల్ లాటిన్ వైపు నుంచి. అంటే మీ ఇనిషియలూ సంక్రాంతి అయనమూ ఒక తాత మనవళ్లు. అయితే ఇది ఇక్కడినుంచి వెళ్లింది కాదు, రెండిటికీ ఇంకా పాత మూలం వేరే ఉంది.

బీజాక్షరం
ఇది ఒప్పుకుంటున్నా. బీజం సంగతి ఇంకా ఆలోచిస్తా.

అట్లాంటా అత్తయ్య
అబ్బాయి డిగ్రీ పట్టాల పండగని ఇక్కడ కమెన్స్‌మెంట్ అంటారు. నాలుగేళ్లు అప్పు చేసి చదివించి, హమ్మయ్య అయిపోయింది అనుకుంటుంటే ఆరంభం అంటారేంటి అనుకున్నా.

నల్లకోటు
పాతకాలం యూరప్ విశ్వవిద్యాలయాల్లో పట్టా వచ్చిందంటే చదువు ముగిసిందని కాదమ్మా, గురువుల బృందంలో చేరి పాఠం చెప్పడానికి హక్కు మొదలైందని. కేంబ్రిడ్జిలోనూ ఆ పేరే వాడేవారు.

ఓరుగల్లు పత్తి
మరి మా షురూ? ఆట షురూ, పని షురూ. మొదలు కంటే ఊపుంటది.

పదాలపిచ్చి
అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. షరియా కూడా ఆ ధాతువుదే.

చెన్నపట్నం బాబాయ్
అందరూ దేశాలన్నీ తిరిగొచ్చారు గానీ ఇంటి మాట చూడలేదు. మొదలు అంటే చెట్టు మొదలు. మొదలంటా నరికారు, మొదట్లో నీళ్లు పోయి అంటాం. వేరు దగ్గర మాను లావుగా ఉండే చోటు. ఇంగ్లీషువాడు నోరు తెరిచాడు, గుర్రంలా దూకాడు, జర్మనువాడు పట్టుకున్నాడు, మనం నేలలో నాటుకుని నిలబడ్డాం. ఇక్కడ తమిళంలో ముదల్ అదే మాట, వీళ్లకి పెట్టుబడి కూడా ముదలే, పెట్టుబడి పెట్టినాయన ముదలాళి. మానుంటే కొమ్మలు, ముదలుంటే లాభం. పొద్దున కొట్టు తెరవగానే బోణీ కోసం చూసేది మాత్రం ఇక్కడా అక్కడా ఒకటే.

రాగి సంకటి
మా సీమలో భజనలో పాట ఎత్తుకో అంటాం బాబాయ్. మొదలుపెట్టు అనం. కింద పడున్నదాన్ని పైకెత్తినట్టు.

పాత పేపర్లు
ఏరువాక కూడా. జ్యేష్ఠ పున్నమికి నాగలి కట్టి మొదటి చాలు దున్నడం. దానికి ఏ భాషలోనూ ఇంకో మాట దొరకదు నాకు.

రేపల్లె ప్యాసింజర్
అందరికీ నమస్కారం. పాప పేపరు వెనకాల పెన్సిల్‌తో చిన్న స్కూటీ బొమ్మ వేసింది, దానికి కుందేలు చెవులు పెట్టింది. సోమవారం టీచరమ్మకి చూపిస్తుందట, అర మార్కు అడగదట, ఆవిడకి కుందేలు సంగతి తెలుసో లేదో అడుగుతుందట. దాన్ని ట్యూషన్లో దింపాలి, టైమైంది. నేను స్టార్ట్ అవుతున్నా, అత్తయ్యగారూ, మన అర్థంలోనే.